పద్మశాలీల పుట్టుక, కులవృత్తి: మగ్గం దగ్గర నుంచి చూస్తే

మీరు అడిగినవి మూడు. పద్మశాలీల పుట్టుక గురించి కులపురాణం చెప్పేదాన్ని చరిత్రగా తీసుకోవచ్చా? పట్టుశాలి, దేవాంగ, తొగట వాళ్ళు కూడా పద్మశాలీలేనా? "నేత" అని ఒక్క మాటలో తేల్చేసే కులవృత్తిలో నిజానికి ఏమేం పనులుండేవి? మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మగ్గం పని తెలియకుండా మిగతా రెండింటికీ సరైన జవాబు దొరకదు.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. పల్లెలో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి ఆయగాళ్ళు. కళ్ళం దగ్గర రైతు కొలిచి ఇచ్చే మేరతో వాళ్ళకు ఏడాది గడిచేది. సాలెవారికి ఆ మేర లేదు. నూలు కొనుక్కోవాలి, బట్ట అమ్ముకోవాలి, వచ్చిన డబ్బుతో గింజలు కొనుక్కోవాలి. అంటే ఊళ్ళో ఉన్నా వాళ్ళ బతుకు సంతతో ముడిపడింది, ఊరి పంటతో కాదు. వలసలు, కులంలోని శాఖలు, ఊరికో రకం బట్ట, సావుకారు బాకీ అన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

పురాణ కథ ఇది. మృకండు మహర్షి కొడుకు మార్కండేయుడు. దేవతలకు వస్త్రాలు లేక ఇబ్బంది పడుతుంటే మార్కండేయుడు యజ్ఞం చేస్తాడు. ఆ హోమగుండం నుంచి భావనారుషి పుడతాడు. విష్ణుమూర్తి నాభి కమలం తూడు నుంచి తీసిన దారంతో బట్ట నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడతాడు. ఆయన వాహనం పులి. ఆయనకు 101 మంది కొడుకులు, వాళ్ళ పేర్ల మీద 101 గోత్రాలు. ప్రాంతాన్ని బట్టి వివరాలు కొంత మారతాయి, కథ మాత్రం ఇదే.

చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఈ కథ కోసం అష్టాదశ పురాణాల్లోని సంస్కృత మార్కండేయ పురాణం తిరగేస్తే దొరకదు. అందులో ఉన్నది దేవీ మాహాత్మ్యం వగైరా. పద్మశాలీల మార్కండేయ పురాణం వేరు, అది కులపురాణం. దాన్ని తరతరాలుగా చెప్పుకొచ్చినవాళ్ళు కూనపులివారు. తెలంగాణలో వీళ్ళు పద్మశాలీల ఆశ్రిత కులం. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పటాన్ని పైనుంచి కిందికి వరసగా విప్పుకుంటూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ రాత్రుళ్ళు కథ చెప్తారు. ఏ ఊళ్ళో కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిదో వాళ్ళలో వాళ్ళకు పంపకం ఉంది. సాధనాశూరులు అని మరో ఆశ్రిత కులం ఉంది, వీళ్ళది ఇంద్రజాలం. సొంతంగా ఇలాంటి కథకులను పోషించుకున్న కులమంటే ఒకప్పుడు చేతిలో రొక్కం ఆడిన కులమని అర్థం.

కాబట్టి పురాణాన్ని తేదీలున్న చరిత్రగా చదవకండి, అలాగని కట్టుకథ అని తోసేయకండి. అది చేసిన పని వేరు. 101 గోత్రాల లెక్క పెళ్ళి సంబంధాలకు కట్టుబాటు. ఒకే గోత్రంలో ఇచ్చి పుచ్చుకోవడాలు ఉండవు కాబట్టి, ఎక్కడెక్కడికో వలసపోయినవాళ్ళు కూడా ఎవరు ఎవరికి వరసో తేల్చుకోగలిగారు. శ్రావణ పౌర్ణమిని పద్మశాలీలు నూలు పౌర్ణమి అంటారు. ఆ రోజు కొత్త జంధ్యం వేసుకుంటారు, మార్కండేయ గుడి నుంచి ఊరేగింపు తీస్తారు. షోలాపూర్‌లో స్థిరపడ్డ తెలుగు పద్మశాలీలు కూడా అదే రోజున మార్కండేయ రథోత్సవం చేస్తారు. ఊరు మారినా, మాట మారినా మారని గుర్తు ఇదే. కులంలో శైవం, వైష్ణవం రెండూ ఉన్నాయి.

ఇక చరిత్ర. తమిళనాట చోళుల కాలపు శాసనాల్లో "శాలియ నగరత్తార్" కనిపిస్తారు. వీళ్ళు నేతగాళ్ళే కాదు, బట్టల వర్తకులు కూడా. గుడి సొమ్ము వీళ్ళ దగ్గర వడ్డీకి ఉంచేవారు. మన వైపు కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఎగుమతి, దిగుమతి సరుకుల మీద సుంకాలు చెప్తుంది. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో మోటుపల్లి వైపు దొరికే బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని రాశాడు. విజయనగర కాలంలో మగ్గానికి ఇంత అని పన్ను ఉండేది. రైతుకు పొలాన్ని బట్టి శిస్తు అయితే, నేతగాడికి మగ్గాన్ని బట్టి. పన్ను మరీ బరువైతే మగ్గం విప్పుకుని వేరే సీమకు వెళ్ళిపోవడమే అప్పటి నిరసన. పొలాన్ని మోసుకుపోలేం కానీ మగ్గం సామాను బండి మీద వేసుకోవచ్చు. అందుకే గుళ్ళూ పాలకులూ కొత్త పేటలు కట్టినప్పుడు పన్ను తగ్గిస్తామని చెప్పి నేతగాళ్ళను పిలిపించుకునేవారు.

1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దిగింది, డచ్చివాళ్ళు అంతకుముందే వచ్చారు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో నేసిన బట్టకు "మదపొల్లం" అనే పేరు ప్రపంచ మార్కెట్లో నిలిచిపోయింది. అప్పట్లో బట్ట నాణ్యతను పంజాలతో కొలిచేవారు. ఒక పంజం అంటే 120 పడుగు (నిలువు) పోగులు. 14 పంజాల బట్టలో 1,680 పోగులుంటాయి, 36 పంజాల బట్టలో 4,320. పన్నా (బట్ట వెడల్పు) అంతే ఉండి పంజాలు పెరిగాయంటే నూలు సన్నబడిందని, శ్రమ పెరిగిందని లెక్క. కంపెనీ గుమస్తా బట్టలు ఏరేటప్పుడు పంజం తక్కువైందని ధర కొట్టేసే గొడవలన్నీ ఈ లెక్క మీదే నడిచాయి. 19వ శతాబ్దంలో మిల్లు నూలు వచ్చాక ఇంటింటా తిరిగిన రాట్నం ఆగిపోయింది. నూలు వడకడం పోయినా నేత మిగిలింది. "ఇంగ్లీషువాళ్ళ మిల్లులు చేనేతను చంపేశాయి" అనే మాటలో సగమే నిజం. మిల్లులు మొదట చంపింది వడుకును. వడికే పని ఒక్క కులానిది కాదు, అన్ని కులాల ఆడవాళ్ళదీ.

మీ రెండో ప్రశ్న. నేత పని ఎన్నడూ ఒక్క కులానిది కాదు. దేవాంగులకు మూలపురుషుడు దేవల మహర్షి, కులదేవత చౌడేశ్వరి. తొగటవారికీ చౌడేశ్వరే ఇలవేల్పు. పట్టుశాలీలు తమను పద్మశాలీలలో భాగమని ఒకచోట, వేరని ఇంకోచోట చెప్పుకుంటారు. కర్ణభక్తులు, కైకాలవారు, జాండ్ర, కుర్ని, స్వకులసాలి అనే నేత కులాలు ఎవరికి వారే. ఇవి కాక మాలల్లో తరతరాలుగా ముతక బట్ట నేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పత్తి ఏకే పని దూదేకులవారిది. గొంగడి నేసే కురుమలది ఉన్ని నేత, దాని మగ్గం వేరు, పద్ధతి వేరు. అందరిదీ నేత పనే కదా అని వీళ్ళందరినీ ఒక్క కులంగా రాస్తే తప్పు. ప్రభుత్వ జాబితాలో పద్మశాలి, పట్టుశాలి ఒకే వరసలో బీసీ-బి కింద ఉంటాయి, దేవాంగ విడిగా అదే బీసీ-బిలో ఉంటుంది. ఆ జాబితా రిజర్వేషన్ల కోసం పెట్టుకున్న వర్గీకరణ, వంశవృక్షం కాదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మగ్గం మీద కూర్చుని నాడె (అడ్డపు దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనం) విసిరేది చివరి అంకం. దానికి ముందు జరిగే పని అంతా ఇంటి ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, పిల్లల చేతుల మీదుగా నడిచేది. ఒక్క మగ్గం ఆడాలంటే నేసే మనిషి కాక ఇంకో ఇద్దరు కావాలి. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద లెక్కకు వచ్చిన 35 లక్షల పైచిలుకు మందిలో 70 శాతానికి మించి ఆడవాళ్ళే. "మగవాడు నేస్తాడు, ఆడవాళ్ళు సాయం చేస్తారు" అని రాసిన కులచరిత్రలు ఈ లెక్క చూసి దిద్దుకోవాలి.

నూలు లడీలుగా వస్తుంది, కోస్తాలో చిలపలు అంటారు. ఒక లడిలో 840 గజాలు, అంటే సుమారు 768 మీటర్ల దారం. కౌంటు అంటే ఒక పౌనుకు ఎన్ని లడీలు తూగుతాయో ఆ సంఖ్య. 80 కౌంటు నూలులో 80 లడీలు కలిపి ఒక పౌను, అంటే 454 గ్రాములు. కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. ఇది అర్థమైతే చీర లెక్క మీరే వేసుకోవచ్చు. అంగుళానికి 72 పోగుల అచ్చు (పడుగు పోగులను వరసలో ఉంచే దువ్వెన లాంటి చట్రం), 48 అంగుళాల పన్నా అనుకోండి, పడుగులో 3,456 పోగులు. జాకెట్టు ముక్కతో కలిపి ఆరుంబావు మీటర్ల చీరకు ముడతకూ వృథాకూ కలిపి ఏడు మీటర్ల పడుగు పోయాలి. 3,456ను ఏడుతో గుణిస్తే 24 వేల మీటర్లు దాటుతుంది, అంటే దాదాపు 32 లడీలు. పేకకు, అంటే అడ్డం దారానికి, అంగుళానికి 64 పోగులు కొడితే ఇంకో 28 లడీలు. మొత్తం 60 లడీలు, 340 గ్రాముల నూలు. 80 కౌంటు చీర అని చెప్పి అర కిలో బరువున్నది చేతిలో పెడితే, నూలు ముతకదై ఉండాలి లేదా గంజి దట్టంగా పట్టించి ఉండాలి.

ముడి నూలుకు సహజంగా ఒక జిడ్డు ఉంటుంది. నీళ్ళలో వేస్తే తేలుతుంది, రంగు తాగదు. అందుకే ఒకటి రెండు రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ తొక్కుతారు, లేదా సోడా వేసి ఉడకబెడతారు. నీటి మీద వేసిన లడి తనంతట తాను మునిగితే సిద్ధమైనట్టు. వ్యాట్ రంగులైతే (ఇవి నీళ్ళలో నేరుగా కరగవు) కిలో నూలుకు 20 లీటర్ల నీళ్ళు పెట్టి, కాస్టిక్ సోడా, రంగును కరిగించే హైడ్రోస్ అనే రసాయనం వేసి, 50 నుంచి 60 డిగ్రీల వేడిలో రంగు కరిగిస్తారు. హైడ్రోస్ చాలకపోతే రంగు తొట్టిలోనే గాలి తగిలి గట్టిపడి, దారం లోపలికి దిగకుండా పైపైన అంటుకుంటుంది. చూడ్డానికి మెరుస్తుంది కానీ మొదటి ఉతుకులోనే పోతుంది. "చేనేత చీర రంగు దిగింది" అని వచ్చే ఫిర్యాదులకు ఈ తొందరపాటు ఒక కారణం. తొట్టిలోంచి తీశాక నీడలో గాలికి ఆరేస్తే అసలు రంగు తేలుతుంది. ఆ తర్వాత సబ్బునీళ్ళలో ఉడికించి, అంటుకోని రంగును కడిగేయాలి.

రంగు వేసిన లడిని తిరుగుడు చట్రానికి తొడిగి, రాట్నం మీద చుడతారు. పడుగుకు పెద్ద చుట్టలు, పేకకు నాడెలో పట్టే చిన్న కండెలు. కండె చుట్టడం చిన్న పని అనుకుంటారు కానీ, వదులుగా చుట్టిన కండె నాడెలో ఒక్కసారిగా జారి చిక్కుపడుతుంది, బిగించి చుట్టినది చీర అంచును లోపలికి లాగేస్తుంది. నూలు పేకను నీళ్ళలో తడిపి వాడితే బట్ట ఒత్తుగా కూర్చుంటుంది. కండె సగంలో ఎండిపోతే అక్కడి నుంచి నేత పలుచన పడి, చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడ్డంగా చారలు కనిపిస్తాయి.

పడుగు పోశాక గంజి. పద్మశాలి పేటల్లో వీధులు పొడుగ్గా, తిన్నగా ఉండటానికి కారణం ఈ పనే. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాగదీసి, కర్రల మీద ఎత్తి కట్టి, పలుచని బియ్యపు గంజిలో కొద్దిగా నూనె కలిపి పట్టిస్తారు. తర్వాత ఇటొకరు అటొకరు నిలబడి, పొడవాటి కుంచెతో ఒకే దిక్కుగా దువ్వుకుంటూ పోతారు. ఆరే లోపు ప్రతి పోగూ పక్క పోగు నుంచి విడిపోవాలి. ఎండెక్కితే గంజి ముందే ఆరి పోగులు అట్టకడతాయి, అందుకే తెల్లవారుజామున. ఆరాక చేరే గంజి బరువు నూలు బరువులో పదో వంతు దాటకూడదు. చిక్కనైతే మగ్గం మీద పెళుసెక్కి, అచ్చు కింద తెల్లటి పొడి రాలుతూ పోగులు తెగుతాయి. పలుచనైతే నూగు లేచి పక్క పోగుకు అల్లుకుని తెగుతాయి. నూనె లేకపోతే చలికాలంలో పడుగు కర్రలా బిగుసుకుపోతుంది.

వానాకాలంలో గంజి ఆరదు, గుంట మగ్గంలో నీళ్ళూరుతాయి. పూర్వం ఆ నెలలే నేత ఇళ్ళలో పస్తుల కాలం. మరి గుంట ఎందుకు తవ్వారంటే, రెండు రెండున్నర అడుగుల లోతు గుంటలో తొక్కుడు కర్రలు ఉంటాయి, నేల తేమ పడుగుకు తగులుతూ ఉంటుంది. పొడిగాలిలో నూలు పెళుసెక్కకుండా ఆ తేమే కాపాడుతుంది. గుంట లేకుండా నేల మీద నిలబెట్టే ఎత్తు మగ్గానికి మారిన చోట సన్నని కౌంటు పోగులు ఎండల్లో ఎక్కువగా తెగడానికి కారణం ఇదే. నేల మీద తడి గోనెలు పరవడం, కిటికీలు మూయడం లాంటి జాగ్రత్తలు అందుకే.

కొత్త పడుగు మగ్గానికి ఎక్కించేటప్పుడు అచ్చు అతుకుతారు. పాత పడుగు చివరి పోగులను మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ దాని జత పోగుతో వేళ్ళకు బూడిద అద్దుకుని పురి తిప్పి కలుపుతారు. 3,456 పోగులంటే 3,456 అతుకులు. చేయి తిరిగినవాళ్ళకు ఒక రోజు పని. ఒక్క పోగు వరస తప్పి పక్కదానికి అతికితే అక్కడి నుంచి చీర చివరిదాకా నిలువు గీత పడుతుంది. అతుకు పూర్తయ్యాక ముందుకు లాగి నాలుగు వేళ్ళ బట్ట నేసి చూసుకోకుండా పని మొదలుపెట్టకూడదు.

20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో తాడు లాగితే నాడె పరిగెత్తే మగ్గం మన ఊళ్ళకు పాకింది. అప్పటిదాకా నాడె ఒక చేతిలోంచి ఇంకో చేతికి వెళ్ళేది. దాంతో నేత వేగం పెరిగింది, పన్నా ఎక్కువున్న బట్టను ఒక్కరే నేయగలిగారు.

ప్రాంతాల వారీగా నైపుణ్యం ఎలా చీలిందో చెప్పకపోతే కులవృత్తి గురించి చెప్పినట్టు కాదు. అన్నింటిలోకీ పోచంపల్లి, పుట్టపాక వైపు చేసే చిటికి పని ఎక్కువ వివరంగా చెప్పదగినది. ఇక్కడ బట్టకు కాదు, నేయక ముందే దారానికి డిజైన్ ప్రకారం రంగులు వేస్తారు. పేక దారాన్ని ఆసు అనే చట్రం మీద పోస్తారు. ఆసుకు ఒక వైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. మధ్యలో దాదాపు మీటరు దూరం. దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు చేత్తో తిప్పుతూ ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి. నాలుగైదు గంటల పని, చేసేది ఆడవాళ్ళు, భుజం కీళ్ళు అరిగిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. గంటన్నరలో ఆ పని అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేనేతలో ఇన్నేళ్ళలో వచ్చిన మార్పుల్లో మనిషి శరీరానికి ఇంతగా మేలు చేసింది ఇంకోటి లేదని నా నమ్మకం.

ఆసు మీది దారాన్ని గీతలు గీసి, తెల్లగా ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కడతారు. ముందు లేత రంగులో ముంచుతారు. ఆ లేత రంగు మిగలాల్సిన చోటు కట్టి, ముదురు రంగులో ముంచుతారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి గళ్ళు మసకబారతాయి. బిగువు సమంగా లేకపోతే, నేసేటప్పుడు ఒక్కో పేక పోగు వెంట్రుకవాసి జరిగి, వంద పోగులకల్లా పువ్వు మెట్లు మెట్లుగా పడుతుంది. అందుకే నేసేవాళ్ళు కొన్ని పోగులకోసారి అంచు దగ్గర దారం లాగి సర్దుతూ పోతారు. పడుగు, పేక రెండూ కట్టి రంగేసినదైతే ఆ సర్దుబాటు రెండు దిక్కులా. తేలియా రుమాలు అనే, నూనె పట్టించిన దారంతో నేసే చిటికి బట్టలో ఇంకో మెట్టు ఉంది. ఆముదపు కాయల బూడిద నీళ్ళు, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి నానబెడుతూ, పిసుకుతూ, ఆరబెడుతూ ఉంటారు. నూనె దారంలోకి ఇంకితేనే ఎరుపు నిలుస్తుంది. చీరాలలో పుట్టిన ఈ పని ఇప్పుడు పుట్టపాకలో బతుకుతోంది. అక్కడి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది.

గద్వాలలో నూలు ఒడలుకు (చీర మధ్య భాగానికి) పట్టు అంచు, పట్టు కొంగు. ప్రతి పేక పోగు దగ్గర ఒడలి దారం అంచు దారంతో మెలిక వేసుకోవాలి. మూడు నాడెలు నడవాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కావాలి. నూలును ముందుగా బాగా ఉడకబెట్టకపోతే తొలి ఉతుకులో ఒడలు కుంచించుకుపోయి పట్టు అంచు ముడతలు పడుతుంది. సిద్దిపేటకు గొల్లభామ బొమ్మ, మంగళగిరికి నిజాం అంచు, ఉప్పాడకు జాంధానీ (నేతలోనే పువ్వులు అల్లే పని), వెంకటగిరికి సన్న నూలు పేరు తెచ్చాయి. ఈ ఊళ్ళన్నింటిలో మగ్గం నేసేది పద్మశాలీలు ఒక్కరే కాదని మళ్ళీ గుర్తుచేస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా పొందూరు సంగతి వేరు. అక్కడ పట్టుశాలి ఆడవాళ్ళు వడుకు పనిని కూడా నిలబెట్టుకున్నారు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ళ వరస పత్తి పీచును చిక్కు లేకుండా ఒకే దిక్కుకు పరుస్తుంది, చెత్తను బయటికి లాగుతుంది. ఇనుప దువ్వెనతో దువ్వితే పీచు తెగుతుంది, దీనితో తెగదు. ఏకిన దూదిని ఏకులుగా చుట్టి, మురికి అంటకుండా, తేమ పోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. 100 కౌంటుకు పైబడిన నూలు చేత్తో వచ్చే చోటు అది.

ఇక డబ్బు సంగతి. మగ్గాలు మూడు రకాలుగా నడుస్తాయి: సొంత మగ్గం, సొసైటీ మగ్గం, కూలి మగ్గం. కూలి మగ్గానికి నూలు, డిజైను, బయానా (ముందస్తు డబ్బు) సావుకారువి, బట్ట ఆయనది, నేసినవాళ్ళకు కూలి. పెళ్ళికో జబ్బుకో తీసుకున్న బయానా ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది. అది తీరేదాకా వేరే సావుకారుకు నేయడానికి లేదు, కూలి పెంచమని అడగడానికి నోరు రాదు. సహకార సంఘాలు పుట్టింది ఈ బిగువు నుంచి విడిపించడానికే. తెలంగాణలో ఆ ఉద్యమానికి ముందు నిలిచిన కొండా లక్ష్మణ్ బాపూజీ (1915–2012) పద్మశాలి కుటుంబంలో పుట్టినవారే. సంఘం బాగా నడవాలంటే నూలు సమయానికి రావాలి, బట్ట డబ్బు సమయానికి రావాలి. రెండోది ఆలస్యమైన చోట సభ్యులు మళ్ళీ సావుకారు దగ్గరికే వెళ్ళారు. 1985లో వచ్చిన చట్టం 22 రకాల బట్టలను చేనేతకే కేటాయించింది, తర్వాత అవి 11కి తగ్గాయి. ఆ కొద్దింటిని కూడా మరమగ్గాలు నేసి చేనేత పేరుతో అమ్ముతున్నాయి.

వలస గురించి మొదట్లో అన్నాను. తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్, భివండి, ముంబై, సూరత్ దాకా మిల్లులకూ మరమగ్గాలకూ వెళ్ళారు. షోలాపూర్ దుప్పట్ల వెనక ఉన్న చేతుల్లో ఎక్కువ తెలుగువే. భివండిలో మరమగ్గం నేర్చుకుని తిరిగొచ్చినవాళ్ళ వల్ల సిరిసిల్ల మరమగ్గాల ఊరైంది. 2017 నుంచి బతుకమ్మ చీరలు అక్కడే నేయించారు. మగ్గం ఆగిన ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టారు. సిరిసిల్ల, నిజామాబాద్ వైపూ, షోలాపూర్‌లోనూ బీడీ పనిలో పద్మశాలి స్త్రీలు ఎక్కువ కావడానికి కారణం అదే. ఇంట్లో కూర్చుని చేసే వేళ్ళ పని, సరుకు ఇచ్చి కూలి కట్టే పద్ధతి రెండూ వాళ్ళకు పాత అలవాటే.

మీ సొంత కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఇంటిపేరు, గోత్రం, పాత ఊరు ఈ మూడూ ముందు రాసుకోండి. ఇంటిపేరు ఒక్కటే చాలదు, ఒకే ఇంటిపేరు వేరు వేరు గోత్రాల్లోనూ వేరు వేరు కులాల్లోనూ ఉంటుంది. తర్వాత మీ పాత ఊరికి కథ చెప్పడానికి వచ్చే కూనపులి కుటుంబం ఎవరో మార్కండేయ గుడి పెద్దలను అడగండి, ఏ ఇళ్ళు ఎప్పుడు ఎటు తరలిపోయాయో వాళ్ళకు నోటి లెక్క ఉంటుంది. కోస్తా, రాయలసీమ ఊళ్ళకు కంపెనీ కాలపు సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు (ఊళ్ళ స్థానిక చరిత్రలు) పనికొస్తాయి, పేట ఎవరు కట్టించారో, ఏ కులాలవారిని తెచ్చి ఉంచారో చాలా వాటిలో ఉంది. 1950 తర్వాత కాలానికి చేనేత సంఘం వాటాదారుల రిజిస్టరు చూడండి. తాత పేరు, తండ్రి పేరు, మగ్గాల సంఖ్య అందులో ఒకే వరసలో దొరికే అవకాశం ఎక్కువ. సంఘం మూతపడి ఉంటే ఆ రికార్డు జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయంలో అడగాలి.